పదికి మూడు

“పదికి ఏడు. మొదటి పేరా కొట్టేస్తే ఎనిమిది.” ఈ మాట అచ్చులో ఉంది. నా పుస్తకంలో, మొదటి వ్యాసం చివర, వ్యాసం ఎంత శుభ్రంగా అచ్చయిందో ఇదీ అంతే శుభ్రంగా అచ్చయి కూర్చుంది. మోండా మార్కెట్ వెనక సందులో లైబ్రరీ మేడమీది హాలు ఇది, ఆదివారం, సభ పదకొండింటికి, ఉండబట్టలేక నేను గంట ముందే వచ్చి ముందు వరసలో కుర్చీ లాక్కున్నాను, కిటికీలోంచి కొత్తిమీర వాసనా టమాటాలమ్మే వాళ్ళ కేకలూ కలిసి వస్తున్నాయి, ఒళ్ళో కొత్త పుస్తకం. అరవై దాటాక వచ్చిన తొలి పుస్తకం. ముందు వాసన చూశాను, తర్వాత అట్టమీద హనీఫా అన్న నా పేరు వేలితో తడిమి చూసుకున్నాను, అక్షరాలు ఎత్తుగా తగిలాయి, సంతోషం పట్టలేక మొదటి వ్యాసం గబగబా చదువుకుంటూ చివరికి వెళితే అక్కడ ఈ మార్కులు. ముందు నా కన్నునే అనుమానించాను, శుక్లం తీసిన కన్ను, కొత్త అద్దాలు, ఏదో తేడాగా కనిపిస్తోంది కాబోలు అనుకున్నాను. పేజీలు తిప్పాను. రెండో వ్యాసం, కవిత్వం ఎందుకు చదవాలి అన్నది, దాని కింద, “పదికి నాలుగు. ఇది ఎవరికోసం రాశావు? నీకే అర్థమైనట్టు లేదు.” మూడోది మోండా మార్కెట్లో వంకాయలు ఏరుకోవడం గురించి, దాని కింద, “పదికి తొమ్మిది. వంకాయల గురించి తెలిసినంత నీకు చదువు గురించి తెలియదు.” కన్ను బాగానే ఉంది. మునిగింది కొంపే.

ఎవరిని అనాలి, నన్ను నేనే అనుకోవాలి. చేత్తో రాసిన కాగితం ఏది కనిపించినా ఎర్ర పెన్ను లేకుండా చదవలేను, అది నా దస్తూరీ అయినా సరే, ఇన్నేళ్ళు తెలుగు పంతులమ్మగా బతికినదానికి ఆ మాత్రం జబ్బు అంటుకోకుండా ఉంటుందా. వ్యాసం రాస్తాను, బియ్యం డబ్బా మీద పడేస్తాను, కొన్నాళ్ళు దాని మొహం చూడను, కోపం చల్లారాక ఎర్ర పెన్ను తీసుకుని ఎవరో హనీఫా అనే పిల్ల రాసిన పేపరన్నట్టు దిద్దుతాను. కింద మార్కులు వేస్తాను, మార్కుల పక్కన ఒక మాట రాస్తాను, అప్పుడు దాన్ని శుభ్రంగా తిరగరాసి మాసపత్రికకు పంపుతాను. సాహిత్యం మీద రాసినా, పిల్లల చదువు మీద రాసినా, మా అత్తగారి తాళంచెవుల మీద రాసినా ఇదే వరస. పుస్తకం వేద్దామని అందరూ పట్టుబడితే పత్రిక పాత సంచికల కోసం అటక ఎక్కాను, చెదలు నాకంటే ముందే వాటిని శ్రద్ధగా చదివేశాయి. మిగిలింది దిద్దిన కాగితాలే. దొంతి కట్టి ప్రెస్సు సత్యదేవ్ గారికి ఇచ్చాను. ఎర్ర అక్షరాలు వదిలేయండి అని చెప్పాలని కూడా తోచలేదు, అరటిపండు చేతికిస్తూ తొక్క తీసి తినమని ఎవరైనా చెబుతారా?

చెప్పాలట. ఇందాక సత్యదేవ్ గారికి ఫోన్ చేస్తే ఆయన ఎంతో గర్వంగా, మేడమ్, మీరు రాసింది రాసినట్టు కొట్టాం, ఒక్క అక్షరం పోనివ్వలేదు అన్నారు. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ ప్రెస్సు పెట్టుకున్న మనిషి, రచయిత రాసిన మాట మీద చెయ్యి వెయ్యకూడదన్నది ఆయన నియమం, ఆ నియమం ఈసారి నా నెత్తిమీదకు వచ్చింది. ప్రూఫులు నేనే చూసుకోవాల్సింది, కంటి డాక్టరు నెల్లాళ్ళు అక్షరం ముట్టవద్దంటే ఆ పని లీలాకుమారి నెత్తిన వేసుకుంది. లీల మౌలాలిలో మా బళ్ళో సైన్సు చెప్పేది, నవలలు మాత్రం నాకంటే ఎక్కువ చదివింది, అదే కొంప ముంచింది. ఇప్పుడు వేదిక ఆ చివర మైకు దగ్గర బంతిపూల దండ కడుతున్నట్టు నటిస్తోంది, ఇటు రావడం లేదు. ఇందాక పుస్తకం తెరిచి చూపించి ఇదేమిటే అంటే కళ్ళు ఇంతింత చేసుకుని, నేను కొత్త టెక్నిక్ అనుకున్నానే, ఈ రోజుల్లో రచయితలు ఇలాంటివేగా చేసేది, దీనికి ఎంత ధైర్యం అని మురిసిపోయాను కూడా అంది. మురిసిపోవడమే కాదు, నా మార్కుల మాటల్లో కామాలు లేని చోట్ల కామాలు కూడా పెట్టింది, మహాతల్లి. దాన్ని తిడదామంటే నవ్వు వచ్చింది, నవ్వుదామంటే సుబ్బరాజు గారు గుర్తుకొచ్చారు.

అసలు సంగతి అదీ. మిగతావన్నీ నా పరువు, నా పరువు నా ఇష్టం, పోతే పోతుంది. సుబ్బరాజు గారు అలా కాదు. ఆయన మా హెడ్మాస్టరు, నాకు ఉద్యోగం ఇచ్చినాయన, ఎనభై దాటాయి, ఈ పూట నా పుస్తకం ఆవిష్కరించేది ఆయనే. మాట్లాడేవాళ్ళకు ముందే చదువుకోవడానికి ఉండాలని మొదటి కాపీ ఆయనకే పంపించారట సత్యదేవ్ గారు, అంటే పోయిన ఆదివారం నుంచీ పుస్తకం ఆయన దగ్గరే ఉంది. అందులో చివరి నుంచి రెండోది ‘మా హెడ్మాస్టరు గారు’. ఆయన రిటైరయినప్పుడు అభినందన సంచికకు రాసింది. అభినందన సంచికల్లో ఎవరైనా నిజం రాస్తారా, నేనూ రాయలేదు, సుబ్బరాజు గారు సోషల్ పాఠం చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవారు, చరిత్ర వాళ్ళ కళ్ళముందు నడిచి వచ్చేది అని ధారాళంగా రాశాను. తర్వాత అలవాటు ప్రకారం దిద్దాను. ఇందాక ఆ పేజీకి వెళ్ళాను, ఒక్క అక్షరం పోలేదు, లీల కామా కూడా ఉంది. “పదికి మూడు. అంతా అబద్ధం. పిల్లలు నోళ్ళు తెరిచిన మాట ఒక్కటే నిజం, అది నిద్రలో. మళ్ళీ రాయి.”

మళ్ళీ రాయలేదు. సంచిక వాళ్ళు తొందరపెట్టారు, పంపేశాను, మరిచిపోయాను. ఇప్పుడు ఆ పెద్దాయన వారం రోజులుగా ఆ మాట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటారు, సైనిక్‌పురిలో వరండాలో, ఆ పాత కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని. ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. అదే నన్ను తినేస్తోంది. మంచి వ్యాసం పత్రికలో కనబడితే పొద్దున్నే ఫోన్ చేసి అమ్మా హనీఫా అనే మనిషి, వారంగా పలకలేదంటే ఏమనుకోవాలి. ఆయన్ని తీసుకురావడానికే సత్యదేవ్ గారు కారు వేసుకుని వెళ్ళారు. వస్తారో, ఒంట్లో బాగోలేదని కబురు చేస్తారో. వస్తే ఏ మొహం పెట్టుకుని ఆయన పక్కన కూర్చోవాలి, వందమంది ముందు ఆయన చేత్తోనే ఆయన్ని వెక్కిరించిన పుస్తకాన్ని విడుదల చేయించాలా? ఆపేయవచ్చు. ఇప్పటికీ మించిపోలేదు. కట్టలు ఇంకా విప్పలేదు, అదిగో గోడ పక్కన గోధుమరంగు కాగితంలో చుట్టి ఉన్నాయి, ఒంట్లో బాగోలేదని నేనే పడిపోతే సరి, సభ వాయిదా, పుస్తకాలు వెనక్కి, మళ్ళీ అచ్చు. ఆయన పదకొండుకు వస్తారు. ఆలోగా తేల్చుకోవాలి.

జావీద్ ఛాయ్ తెచ్చాడు. మా ఆయన, మౌలాలి రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు, తెలుగు బోర్డులు కూడబలుక్కుని చదువుతాడు గానీ పుస్తకం జోలికి పోడు. పొద్దున్నుంచీ కుర్చీలు సర్దుతున్నాడు, వరస ఒక్క వేలంత వంకర పోతే మళ్ళీ మొదటి నుంచి సర్దుతున్నాడు. సంగతి చెప్పాను. సాంతం విన్నాడు, ఉస్మానియా బిస్కెట్ ఛాయ్‌లో ముంచి నా చేతిలో పెట్టాడు. గంత పరేషాన్ ఎందుకు, ఆ సార్ గట్ల గుస్సా అయ్యే మనిషి గాదు అన్నాడు. పక్కకు చూస్తూ, నా మీద సుత రాసినవ్ గదా అన్నాడు.

“రాశాను.”

“నాకెన్ని ఏసినవ్?”

“ఎనిమిది.”

“మరి రెండు ఎటువోయినయ్?”

ఆ రెండూ ఎటుపోయాయో పుస్తకంలోనే ఉంది, “ఇతను ఇంత మంచివాడని సాక్ష్యం చూపించలేదు” అని. చదివి వినిపించాను. జావీద్ నవ్వలేదు, తల పంకించి, సాక్ష్యం ఏందీ, ఛాయ్ తెస్తలేనా అని కుర్చీల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈ మనిషి మీద రాసిన ఆ వ్యాసంలో ఛాయ్ సంగతి లేదు, నిజమే, ముప్పై మూడేళ్ళుగా పొద్దుటి ఛాయ్ అతనే పెడుతున్నాడన్న మాట ఎక్కడా రాయలేదు, అదేదో మామూలే కదా అనుకున్నాను. రాసి ఉంటే పదికి పది వచ్చేవి. నాకు నచ్చినవి అన్నీ ఇలాగే, రాసిన వ్యాసం పక్కన నిలబడి ఉంటాయి, లోపలికి రావు. మా అత్త నన్ను తెలుగు బహూ, అంటే తెలుగు కోడలా, అని పిలిచేది, నా ఉర్దూ విని పక్కింటివాళ్ళతో కలిసి నవ్వేది, అయినా రంజాన్ నెలలో తెల్లవారకముందు తినే సహరీకి నేను లేవకముందే రొట్టెలు చేసి మూత పెట్టేది. మా పుట్టిల్లు భువనగిరి, నాయనకు పరుపుల దుకాణం, ఇంటిల్లిపాదీ దూది ఏకేవాళ్ళం, ఏకుతూ పాడేవాళ్ళం, మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేదు. ఇక్కడ సికింద్రాబాదులో మాత్రం సభలకు పోతే, అబ్బ మీ తెలుగు ఎంత బాగుంటుందండీ అంటారు, కళ్ళు పెద్దవి చేసి. మా అమ్మ నన్ను తిట్టిన భాష అది, బాగుండక ఏం చేస్తుంది. ఆ మాట మీద కూడా ఒక వ్యాసం ఉంది, దాని కింద “పదికి ఆరు. కోపం తగ్గాక రాయాల్సింది” అని ఉంటుంది, చూశాను, ఉంది.

సుబ్బరాజు గారు మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. ఇంటర్వ్యూ రోజు, తెలుగు పోస్టు, కమిటీలో ఒకాయన నా పేరు రెండుసార్లు చదివి, తెలుగుకా అని అడిగాడు. నాకు చెవులు వేడెక్కాయి, లేచి వెళ్ళిపోదామనుకున్నాను. సుబ్బరాజు గారు ఆయనతో వాదించలేదు, నన్ను వెనకేసుకు రాలేదు, బల్ల కింద నుంచి ఏడో తరగతి పేపర్ల కట్ట తీసి నా ముందు పడేసి, దిద్దమ్మా అని, తాను పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు. మీరు చూసిన జాతర గురించి రాయండి అన్నది ప్రశ్న. ఒక పిల్ల జాతర సంగతే ఎత్తలేదు, అక్కడ తన చెప్పు తప్పిపోయిన సంగతే పేజీ నిండా రాసింది. ఆ పిల్లకు ఎనిమిది వేసి, “చెప్పు దొరికిందో లేదో రాయలేదు. నాకు తెలుసుకోవాలని ఉంది” అని కింద రాశాను. సుబ్బరాజు గారు ఆ పేపరు కమిటీకి చూపించి, నాకూ తెలుసుకోవాలనుంది, ఈ అమ్మాయిని తీసుకుందాం అన్నారు. అంతే ఉద్యోగం. తర్వాత బళ్ళో అందరికీ అదే రూలు పెట్టారు, మార్కు వేస్తే కింద ఒక వాక్యం రాయాలి, తిట్టకూడదు, అబద్ధం చెప్పకూడదు, ఇంటికి వెళ్ళి వాళ్ళమ్మకు చదివి వినిపించుకునేలా ఉండాలి. లెక్కల మాస్టారు గగ్గోలు పెట్టారు, కూడికకు వాక్యం ఏమిటండీ అని. ఆయన కూడా రాశారు చివరికి, “మూడు దగ్గర తొందరపడ్డావు” అని, ఆ వాక్యం నాకు ఇప్పటికీ ఇష్టం. రూలు పెట్టినాయన మీదే రూలు ప్రకారం నిజం రాసి కూర్చున్నాను, చూడండి నా ఖర్మ.

నిజమే కదా మరి. ఆయన గొప్ప హెడ్మాస్టరు, పాఠం మాత్రం చెప్పలేరు. ఇది బళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. రోజుకు ఒక్క పీరియడే తీసుకునేవారు, తొమ్మిదో తరగతి సోషల్, మధ్యాహ్నం అన్నాల తర్వాత మొదటి పీరియడ్, ప్రతి ఏడూ అదే. నాది పక్క గది. ఆ గదిలోంచి ఫ్యాను చప్పుడుకూ ఆయన గొంతుకూ తేడా తెలిసేది కాదు. కిటికీ ముందు నుంచి వెళితే కనబడేది, సగం తరగతి బల్లల మీద తలలు వాల్చి, ఒకడు నోరు తెరిచి, ఒక పిల్ల జడ నోట్లో పెట్టుకుని, అందరూ హాయిగా నిద్ర, ఆయన కుర్చీలో కూర్చుని మొఘలులో మరాఠాలో ఎవరి గురించో తనలో తాను చెప్పుకుంటూ ఉండేవారు. నాకు జాలి వేసేది. నా తరగతి గురించి గర్వంగా ఉండేది, అది కూడా ఒప్పుకోవాలి, నా పిల్లలు పద్యం ఎత్తుకున్నారంటే మౌలాలి గుట్ట మీది దర్గా దాకా వినపడాల్సిందే. అప్పుడు అటెండరు సోమయ్య వచ్చేవాడు, అమ్మా, సార్ జెర నిమ్మళంగ చదివియ్యమంటుండు అని. ఎన్నిసార్లు వచ్చాడో. నాకు ఒళ్ళు మండేది, తన పాఠం ఎవరూ వినకపోతే నా పిల్లల నోరు మూయించాలా అని, పంతానికి ఇంకో పద్యం ఎక్కువ చదివించేదాన్ని. మళ్ళీ సోమయ్య వచ్చేవాడు. ఆయన పాఠం చెప్పడం గురించి అంతకుమించి ఎప్పుడూ ఆలోచించలేదు నేను, చక్కగా చెప్పలేనివాళ్ళు లోకంలో ఉండరా, మంచి మనిషి, అది చాలదా.

చాలుతుంది, మరి ఆ మాటే రాసి ఉండవచ్చు కదా వ్యాసంలో. ఎందుకు ఆ నోళ్ళు తెరవడాలూ చరిత్రలు నడవడాలూ. వాక్యం అందంగా వస్తోందంటే చాలు నాకు చేతులు ఆగవు, పిల్లలకు మాత్రం చూసిందే రాయండి అని నీతులు. పుస్తకం మళ్ళీ తిరగేస్తున్నాను, విచిత్రం, వ్యాసాలు చదవబుద్ధి కావడం లేదు, కింద మార్కుల మాటలే చదువుతున్నాను ఒకదాని తర్వాత ఒకటి. “పదికి అయిదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది చదివి వినిపించు, ఎక్కడ ఆవలిస్తారో అక్కడ ఆపేయి.” “పదికి ఎనిమిది. అత్తగారి గురించి రాస్తూ ఏడవలేదు, మంచి పని చేశావు.” “పదికి రెండు. సభలో చప్పట్ల కోసం రాశావు, వచ్చాయి కూడా, సిగ్గులేదు.” నాకే నవ్వు వచ్చి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఎవరీ మనిషి, బాగా రాస్తోందే అనిపించింది. వ్యాసాలు రాసిన హనీఫా కాస్త చీర సర్దుకుని రాసింది, ఇవి రాసిన హనీఫా వంటింట్లో కూర్చుని రాసింది. లీల మరీ అంత తప్పేమీ అనలేదేమో, టెక్నిక్కో నా బొందో, పుస్తకంలో ప్రాణం ఉన్నది ఇక్కడే ఉన్నట్టుంది. ఒక్క పేజీ లేకపోతే ఈ పొరపాటుకు స్వీట్లు పంచేదాన్ని. ఆ ఒక్క పేజీ మీద కాగితం ముక్క అంటించి కప్పేయవచ్చు, సత్యదేవ్ గారు ఫోనులో ఆ ఉపాయం కూడా చెప్పారు, చీటీలు కొట్టించి ఇస్తానన్నారు. కప్పితే అందరూ గోకి చూస్తారు, నేనైనా గోకి చూస్తాను. ఆయన దగ్గరున్న కాపీని ఎలాగూ కప్పలేను.

జనం వస్తున్నారు. పాత విద్యార్థులు, ఇప్పుడు పొట్టలు వచ్చి జుట్టు నెరిసినవాళ్ళు, టీచర్ బాగున్నరా అని వంగి పలకరిస్తున్నారు, పేర్లు గుర్తు రావడం లేదు గానీ దస్తూరీలు గుర్తొస్తున్నాయి, ఇతని ‘క’కు తలకట్టు ఉండదు, ఈమె గీత మీద రాయదు, గీత కింద రాస్తుంది. నవ్వుతూనే ఉన్నాను. కింద కారు తలుపు వేసిన చప్పుడు, మెట్ల మీద కర్ర చప్పుడు. మెట్టుకొకసారి ఆగుతున్న కర్ర. లీల పూలదండ వదిలేసి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. నేను లేవాలి, ఏం చెప్పాలో ఒక్క ముక్క తోచడం లేదు, ఇన్నేళ్ళూ పిల్లలకు వ్యాసరచన నేర్పినదాన్ని. క్షమించండి సార్ అనాలి, పొరపాటున అచ్చయింది సార్ అనాలి, పొరపాటున అచ్చయింది నిజమే గానీ పొరపాటున రాయలేదు కదా, ఆయన అది అడిగితే?

తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు, మనిషి మాత్రం బాగా చిక్కిపోయారు. నేరుగా నా దగ్గరికే వచ్చి పక్క కుర్చీలో నెమ్మదిగా కూలబడ్డారు. నేను లేచి నిలబడితే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. చంకలో నా పుస్తకం ఉంది, మధ్యలో బస్సు టికెట్టు పెట్టుకున్నారు గుర్తుకు. భీమవరం వదిలి ఏభై ఏళ్ళయినా మాట భీమవరంలోనే ఉంది.

“మొత్తం చదివేనమ్మా. ఫోన్ చేద్దావనుకున్నాను, ముఖాముఖీ చెబితేనే బావుంటదని ఊరుకున్నాను.”

“సార్, ఆపేయమంటే ఆపేస్తాను. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.”

“ఆపడవెందుకు? మూడు సరిగ్గానే వేసేవు. ఒకటే పట్టుకోలేకపోయేవు. పిల్లలు పడుకునేవోరని రాసేవు గానీ, పడుకోబెట్టిందెవరో రాయలేదు.”

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన హాలులో వెనక వరసల వైపు చూస్తున్నారు. తర్వాత తన మామూలు గొంతుతో, ఆ ఫ్యాను చప్పుడు గొంతుతో, నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పుకుపోయారు. మన తొమ్మిదో తరగతిలో సగం మంది తెల్లవారుజామున లేచి పనులకు పోయి వచ్చేవాళ్ళమ్మా అన్నారు, పాల పాకెట్లు వేసేవాడు ఒకడు, ఇదిగో ఈ మోండా మార్కెట్లోనే లారీలు దింపేవాడు ఇంకొకడు, ఆడపిల్లలు గుట్ట కింద పంపు దగ్గర బిందెలతో నిలబడి వచ్చేవారు. అన్నం తిన్నాక వాళ్ళకు కళ్ళు నిలబడేవి కావు. ఆ పీరియడ్ ఎవరికిచ్చినా నిద్రపోతున్నారని కొట్టేవారు, లెక్కల మాస్టారు బెంచీ ఎక్కించేవారు. ఎవరినని ఆపను? అందుకని ఆ పీరియడ్ నేనే తీసేసుకున్నాను. ముందు వరసలో మెలకువగా ఉన్నవాళ్ళకు వినపడితే చాలు, వెనకవాళ్ళు లేవకూడదు, అలాగ చెప్పడం అలవాటు చేసుకోడానికి రెండేళ్ళు పట్టింది, అంత తేలికేం కాదు. నిద్రపోయినవాళ్ళకు శనివారం మళ్ళీ చెప్పేవాణ్ణి. నీ పద్యాలతోనే వచ్చేది చిక్కు, సోమయ్యను పంపిస్తే నువ్వు ఇంకా గట్టిగా ఎత్తుకునేదానివి. ఇలా చెప్పి ఆయన నవ్వారు, నవ్వుతుంటే దగ్గు వచ్చింది, జావీద్ ఎప్పుడు వచ్చాడో నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నాకు కళ్ళు నిండాయి, ఆపరేషను కన్నుతో సహా. డాక్టరు ఏడవద్దన్నాడు. ఇరవై ఏళ్ళు పక్క గదిలో ఉన్నాను, గోడకు ఇటువైపు, చెవి ఉండి, కన్ను ఉండి. చూసిందే రాయమని పిల్లలకు చెప్పేదాన్ని, నేను చూసి కూడా చూడలేదు. అయినా బాధగా లేదు, అదే ఆశ్చర్యం, గుండెలో ఎక్కడో ముడి వదిలినట్టు హాయిగా ఉంది, లేచి అందరికీ కేక పెట్టి చెప్పాలని ఉంది. ఎందుకు చెప్పలేదు సార్ ఎవరికీ అని అడిగాను. చెబితే పిల్లలకు తెలిసిపోదూ, మొహమాటపడి మెలకువగా కూర్చుంటారు అన్నారు. తర్వాత పుస్తకం తెరిచి, బస్సు టికెట్టు తీసి, నా వాక్యం చివర వేలు పెట్టారు.

“మళ్ళీ రాయి అని నువ్వే రాసుకున్నావు కదమ్మా. మరి రాయవా?”

సభ మొదలైంది. లీల మైకు ముందు నిలబడి ఈ పుస్తకంలోని కొత్తదనం గురించి నా వైపు చూడకుండా మాట్లాడింది. సుబ్బరాజు గారు గోధుమరంగు కాగితం విప్పి, పుస్తకం పైకెత్తి చూపించి, చప్పట్లు ఆగాక రెండు మాటలు చెప్పి కూర్చున్నారు, మార్కుల్లేకుండా పేపరు చేతికిస్తే ఏ పిల్లయినా ఊరుకుంటుందా, ఈ పుస్తకానికి మార్కులు ముందే వేసేశారు కనక మనకు పని తప్పింది అన్నారు, హాలంతా నవ్వింది. శాలువా కప్పారు ఆయనకు, వద్దంటున్నా. ఇంకా ఎవరెవరో మాట్లాడారు, నాకేమీ వినపడలేదు, లోపల వాక్యాలు పేర్చుకుంటున్నాను, అందమైన వాక్యం ఒకటి వచ్చింది, కొట్టేశాను, ఇంకొకటి వచ్చింది, అదీ కొట్టేశాను. చివరికి నన్ను పిలిచారు. ఎండ కిటికీ దాటి వేదిక దాకా వచ్చింది, కింద మార్కెట్ సద్దుమణిగింది, కాగితం లేకుండా మైకు దగ్గరికి వెళ్ళాను. సుబ్బరాజు గారి క్లాసులో పిల్లలు నిద్రపోయేవారు అని మొదలుపెట్టాను. ముందు నవ్వారు, వెనక వరసలో ఒకాయన అవును నేనే అని చెయ్యెత్తాడు, ఇంకా నవ్వారు. పాల పాకెట్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. చెయ్యెత్తినాయన చెయ్యి దించి కూర్చున్నాడు. సార్ కూడా వింటున్నారా అని పక్కకు తిరిగి చూశాను. సుబ్బరాజు గారి గడ్డం ఛాతీ మీదకు వాలి ఉంది, శాలువా ఒక భుజం మీద నుంచి జారింది, నోరు కొద్దిగా తెరుచుకుని సన్నగా గురక వస్తోంది. లీల ఆయన్ని తట్టి లేపబోయింది. వద్దని చెయ్యి చూపించాను. మైకు కాస్త దగ్గరికి లాక్కుని, గొంతు బాగా తగ్గించి, మిగతాది ముందు వరసల వాళ్ళకు వినపడేటట్టు చెప్పాను.